శ్వాసనాళాల బొమ్మ కథ: గసగసాల నూనె నుండి సి.టి. స్కాన్ వరకు

మన ఇళ్ళలో దగ్గుకు మూడే పేర్లు కలవు. నాలుగు రోజులలో పోతే జలుబు. పిల్లికూతలతో ఆయాసం తెస్తే దమ్మా. నెలల తరబడి కళ్ళెతో వేధిస్తే, పైకి ఎవరూ అనకపోయినా అందరూ మనసులో అనుకునేది క్షయ. ఈ మూడింటికి బయట నాలుగో పేరు ఒకటి ఉండవచ్చునని మనలో చాలామందికి తట్టదు. ఒకప్పుడు డాక్టర్లకు తట్టినా, బ్రతికి ఉన్న రోగిలో దానిని కళ్ళారా చూపించే సాధనం వారి దగ్గర లేకపోయింది. ఆ సాధనం ఎట్లా వచ్చింది, సుమారు డెబ్బై ఏళ్ళు ఎట్లా నడిచింది, చివరకు ఎందుకు మూలపడింది అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవారము, డాక్టర్లము కాము. అయితే తరగతి గదిలో వెనుక బెంచీ నుండి ఏడాది పొడుగునా ఒకే దగ్గు వినబడుతూ ఉంటే, హాజరుపట్టీలో ఆ పిల్లవాడి పేరు ఎదుట గైర్హాజరు గుర్తులు పెరుగుతూ ఉంటే, ఈ సంగతి తెలుసుకోకుండా ఉండలేము. తెలుసుకున్నది నలుగురితో పంచుకుందామని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

గాలిలో గాలి గొట్టం

మన గొంతు నుండి క్రిందికి దిగే శ్వాసనాళం దాదాపు 10 నుండి 12 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. ఛాతీలోకి దిగగానే అది రెండుగా చీలి, ఒకటి కుడి ఊపిరితిత్తికి, ఒకటి ఎడమదానికి పోతుంది. అక్కడి నుండి ఒక్కొక్కటి మళ్ళీ చీలుతూ, చీలుతూ, సుమారు 23 మార్లు చీలి, చివరకు కోట్లాది చిన్న గాలి గదులలో ముగుస్తుంది. చెట్టును తలక్రిందులుగా వ్రేలాడదీసి, ఆకులన్నీ దులిపేస్తే ఎట్లా ఉంటుందో శ్వాసనాళాల అమరిక అట్లా ఉంటుంది. మోడు సన్నపడి కొమ్మ అవుతుంది, కొమ్మ సన్నపడి రెమ్మ అవుతుంది. ఆరోగ్యవంతుడిలో ఇది తప్పని నియమం.

జబ్బు వచ్చినప్పుడు ఈ నియమం తప్పుతుంది. చిన్నతనంలో కోరింత దగ్గు, తట్టు, న్యుమోనియా వంటివి గట్టిగా తగిలినా, క్షయ వచ్చి నయమైనా, కొందరిలో కొన్ని గొట్టాల గోడలు దెబ్బతిని సాగిపోతాయి. సన్నపడవలసిన చోట గొట్టం వెడల్పు అవుతుంది. ఆ వెడల్పులో కళ్ళె నిలుస్తుంది. నిలిచిన కళ్ళెలో క్రిములు పెరుగుతాయి. క్రిములు గోడను ఇంకా తింటాయి. గోడ ఇంకా సాగుతుంది. ఇక రోగి రోజూ ఉదయాన్నే గిన్నెడు కళ్ళె దగ్గి ఉమ్ముతూ ఉంటాడు. ఒక్కొక్కసారి నెత్తురు కూడా పడుతుంది. ఈ జబ్బు పేరు బ్రాంకియెక్టాసిస్. పేరు నోరు తిరగనిది గాని సంగతి తేలికే: ఊపిరి గొట్టాలు శాశ్వతంగా వెడల్పు కావటం.

దీనిని మొదట వర్ణించినవాడు ఫ్రాన్సు దేశపు డాక్టరు రెనె లెనెక్. 1816లో పారిస్ నగరంలో కాగితాన్ని గొట్టంగా చుట్టి రోగి ఛాతీకి ఆనించి విని, స్టెతస్కోపుకు నాంది పలికినవాడు ఈయనే. 1819లో ప్రచురించిన గ్రంథంలో ఈ జబ్బును వివరించాడు. చెవికి ఆనిన శబ్దాన్ని బట్టి ఆయన ఊహించేవాడు. ఊహ నిజమా కాదా అన్నది రోగి చనిపోయిన తర్వాత శవాన్ని కోసి చూస్తేనే తెలిసేది. తన జీవితమంతా ఊపిరితిత్తులను విన్న ఆ మహానుభావుడు 1826లో క్షయతోనే మరణించాడు. ఆయన తర్వాత దాదాపు నూరేళ్ళు ఈ జబ్బు విషయంలో ఇదే పరిస్థితి. వినికిడి బ్రతికున్నవారికి, చూపు చనిపోయినవారికి.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. ఇక మనిషి లోపల అంతా కనబడుతుందని లోకం సంబరపడింది. ఎముక కనబడింది, గుండె నీడ కనబడింది, క్షయ చేసిన మచ్చ కనబడింది. ఊపిరి గొట్టాలు మాత్రం కనబడలేదు. కారణం ఏమంటే, గొట్టంలో ఉన్నదీ గాలే, గొట్టం చుట్టూ ఊపిరితిత్తిలో ఉన్నదీ చాలావరకు గాలే. మధ్యనున్న గోడ అతి పలుచన. ఎక్స్ కిరణాలు ఏది దట్టమో ఏది పలుచనో మాత్రమే చెప్పగలవు. గాలిలో గాలి గొట్టాన్ని అవి ఎట్లా వేరు చేస్తాయి? నీళ్ళలో నీళ్ళ కుండను వెతికినట్లే.

కాబట్టి ఒకటే మార్గం మిగిలింది. కిరణాలను ఆపగల పదార్థాన్ని దేనినైనా ఆ గొట్టాలలోకే పంపాలి. కాని అది ఊపిరి ఆడే దారి. అన్నం మెతుకు ఒకటి దారి తప్పితేనే ప్రాణం కొట్టుమిట్టాడే చోటు. అందులో మందు పోయటం ఎవరికి ధైర్యం?

పొడి నుండి నూనెకు

ధైర్యం చేసినవారిలో ముందుగా చెప్పవలసినవాడు అమెరికాలోని ఫిలడెల్ఫియా డాక్టరు ఛెవాలియర్ జాక్సన్. పిల్లలు మింగిన గుండుసూదులు, నాణేలు, పల్లీలు గొంతులోకి గొట్టం దించి తీయటంలో ఆయనకు సాటి లేదు. 1918లో ఆయన అదే గొట్టం గుండా బిస్మత్ లోహపు లవణాన్ని పొడిగా ఊది ఎక్స్‌రే తీశాడు. 1921లో న్యూయార్కులో లైనా, స్టీవర్ట్ అను ఇద్దరు డాక్టర్లు బిస్మత్‌ను నూనెలో కలిపి పోసి చూశారు. కొంత కనబడింది. కాని పొడి సమంగా పరుచుకోదు, లోపలి కొమ్మల దాకా పోదు. పైగా ప్రతిసారీ ఉక్కు గొట్టం దించాలి. ఇది అందరూ అన్నిచోట్లా చేయగల పని కాదు.

అసలు మార్గం వేరే వాకిలి నుండి వచ్చింది. 1901లో పారిస్‌లో మార్సెల్ గెర్బె అను ఔషధ శాస్త్రజ్ఞుడు గసగసాల నూనెకు అయోడిన్‌ను పట్టించి ఒక మందు తయారుచేశాడు. దాని పేరు లిపియోడాల్. అవును, మన ఆడవాళ్ళు కుర్మాలోకి నూరే గసగసాలే. ఆ నూనెకు అయోడిన్‌ను తనలో బంధించి ఉంచుకొనే గుణం ఉన్నది. తూకంలో నూటికి 40 వంతుల వరకు అయోడిన్ అందులో ఇముడుతుంది. శరీరానికి అయోడిన్ అందించే ఔషధంగానే దానిని తయారుచేశారు. ఫోటోల సంగతి అప్పుడు ఎవరి తలపులోనూ లేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత పారిస్‌లోనే జాన్ అథనేస్ సికార్ అను డాక్టరు, ఆయన శిష్యుడు జాక్ ఫొరెస్టియే నడుము నొప్పికి, తుంటి నొప్పికి ఈ నూనెను సూది ద్వారా ఎక్కించేవారు. ఎక్కించిన చోట ఎక్స్‌రే తీస్తే నూనె తెల్లగా, స్పష్టంగా కనబడింది. అయోడిన్ బరువైన మూలకం కావటం వల్ల కిరణాలను ఆపుతున్నది. ఇది చూచిన గురుశిష్యులు ముందుగా వెన్నుపాము చుట్టూ ఉన్న ఖాళీని, ఆ వెనుక 1922లో శ్వాసనాళాలను ఈ నూనెతో చూపించారు. నొప్పి తగ్గించటానికి వాడిన మందు చూపు ఇచ్చింది. నూనె పొడి వలె అంటుకొని ఆగిపోదు, జారుతుంది, కొమ్మ వెంట రెమ్మ దాకా పోతుంది. ఆకులు లేని ఆ తలక్రిందుల చెట్టు బ్రతికి ఉన్న మనిషిలో మొట్టమొదటిసారి నిండుగా కనబడింది. ఈ పరీక్షకు బ్రాంకోగ్రఫీ అని పేరు వచ్చింది. 1926లో గెర్బె కుమారుడు ఆంద్రె ఈ నూనె తయారీకే కంపెనీ పెట్టాడంటే దాని గిరాకీ ఏపాటిదో ఊహించుకోవచ్చు.

పరీక్ష ఎట్లా చేసేవారు?

నేటి తరానికి స్కాన్ అంటే బల్ల మీద పడుకొని లేవటం. అప్పటి సంగతి వేరు. పరీక్షకు ముందు కొద్ది రోజులు రోగిని తల వాల్చి పడుకోబెట్టి, వీపు తట్టి, లోపలి కళ్ళెను వీలైనంత దింపేవారు. గొట్టం కళ్ళెతో నిండి ఉంటే నూనెకు చోటు లేదు కదా. పరీక్ష నాడు పరగడుపున ఉంచేవారు. గొంతు మొద్దుబారటానికి తొలి రోజులలో కొకెయిన్ ద్రావణం, తర్వాతి కాలంలో లిగ్నొకెయిన్ వంటి మందులు చిలకరించేవారు. ఆ పిమ్మట నాలుకను బయటికి లాగి పట్టుకొని దాని వెనుక నుండి నూనెను చుక్కలు చుక్కలుగా దింపటం ఒక పద్ధతి. ముక్కులో నుండి సన్నని రబ్బరు గొట్టం శ్వాసనాళంలోకి పంపటం మరొకటి. మెడ ముందు భాగాన సూది గుచ్చి నేరుగా ఎక్కించటం ఇంకొకటి. చిన్నపిల్లలకైతే పూర్తి మత్తు ఇవ్వవలసి వచ్చేది.

నూనె లోపలికి పోగానే పని అయిపోలేదు. పల్లం ఎటు ఉంటే నూనె అటే పోతుంది. కుడి క్రింది భాగం కనబడాలంటే కుడికి వాలాలి, పై భాగం కనబడాలంటే తల దించాలి. కనుక రోగిని బల్లతో సహా అటు తిప్పి ఇటు వంచి, గబగబా ఫోటోలు తీసేవారు. అంతసేపూ దగ్గకూడదు. దగ్గితే నూనె చెదిరి బొమ్మ పాడవుతుంది. దగ్గు జబ్బు మనిషిని దగ్గవద్దనటమే ఈ పరీక్షలోని పెద్ద శిక్ష. రెండు వైపులు ఒకే రోజు నింపితే ఊపిరి ఆడటం కష్టమని, సాధారణంగా ఒక వైపు చేసి కొన్ని రోజులు ఆగి రెండో వైపు చేసేవారు.

మా బంధువులలో మామూ వరస అయ్యే పెద్దాయన ఒకరు 1970ల చివరలో ఈ పరీక్ష చేయించుకున్నారు. అంతకు ముందు రెండేళ్ళుగా ఆయనకు దగ్గు, కళ్ళె. కళ్ళె పరీక్షలో క్షయ క్రిములు ఒక్కసారీ కనబడలేదు. అయినా ఇంట్లో ఆయన గ్లాసు వేరే, పళ్ళెం వేరే, పడక వరండాలో. తమ్ముడి పెళ్ళి సంబంధం ఒకటి మాటల దాకా వచ్చి ఊరకే వెనక్కి పోయింది. కారణం ఎవరూ చెప్పలేదు, చెప్పనవసరం లేకపోయింది. బ్రాంకోగ్రఫీ గూర్చి ఆయన మాకు చెప్పినది ఇంతే: “బేటా, గొంతు నాది కాదన్నట్టు అయిపోయింది. బల్ల పక్కకు వాలుతుంటే నూనె లోపల పాకటం తెలిసింది. నీళ్ళలో మునిగేవాడికి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.” గొంతుకు తెలివి వచ్చేదాకా కొన్ని గంటలు నీళ్ళయినా ఇవ్వలేదట. మర్నాటి దాకా నూనె దగ్గుతో వస్తూనే ఉన్నదట.

ఫోటోలో ఎడమ ఊపిరితిత్తి క్రింది భాగంలో గొట్టాలు ద్రాక్ష గుత్తివలె ఉబ్బి కనబడ్డాయి. జబ్బుకు పేరు దొరికింది. అది అంటుకొనే జబ్బు కాదని డాక్టరు తేల్చి చెప్పిన తర్వాత, మామూ అమ్మగారు వరండాలోని మంచాన్ని తానే స్వయంగా లోపలికి జరిపించిందని మా ఇంట్లో చెప్పుకొంటారు. ఆయన ఆపరేషను చేయించుకోలేదు. రోజూ ఉదయం మంచం అంచు మీద నుండి తల క్రిందికి వాల్చి కళ్ళె దింపుకొనే అలవాటు చేసుకొని, మనవలను ఎత్తుకొనేదాకా బ్రతికారు. కనుక ఆ పరీక్ష కష్టమైనదే, నిజం. కాని అది చూపించిన బొమ్మ ఒక మనిషికి తన ఇంట్లో తన గ్లాసును తిరిగి ఇచ్చింది.

బొమ్మ ఏమి చెప్పింది?

క్షయకు ప్రత్యేక ఆస్పత్రులు వెలసిన కాలం అది. మన ప్రాంతంలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం సానిటోరియం 1915లో మొదలైంది. ఆ రోజుల్లో ఎడతెగని దగ్గు, కళ్ళె, నెత్తురు ఉంటే ఎక్కడైనా ముందు అనుమానం క్షయ మీదకే పోయేది. బ్రాంకోగ్రఫీ వచ్చిన తర్వాత, క్షయ అనుకొన్న వారిలో కొందరికి ఉన్నది క్షయ కాదు, గొట్టాల వెడల్పు అని తేలటం మొదలైంది. పేరు మారితే చికిత్స మారుతుంది, ఇంటివారి ప్రవర్తన కూడా మారుతుంది.

రెండో ఉపకారం శస్త్రచికిత్సకు. మంచి మందులు లేని ఆ రోజుల్లో చెడిపోయిన భాగాన్ని కోసి తీసివేయటమే దారి. 1929లో అమెరికాలో హెరాల్డ్ బ్రన్ ఊపిరితిత్తిలో ఒక భాగాన్ని ఒకే విడతలో తీసివేసే పద్ధతిని ప్రకటించాడు. 1931లో బెర్లిన్‌లో రుడాల్ఫ్ నిస్సెన్ ఈ జబ్బుతోనే బాధపడుతున్న 12 ఏళ్ళ బాలిక ఊపిరితిత్తిని ఒకదానిని పూర్తిగా తీసివేయగా ఆమె బ్రతికింది. అయితే కత్తి పట్టేముందు రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. చెడినది ఎంతవరకు? మిగిలినది మంచిదేనా? మిగిలేది కూడా చెడినదే అయితే ఆపరేషను చేసి లాభం లేదు, ప్రాణానికే ముప్పు. ఈ రెంటికీ జవాబు నూనె బొమ్మే ఇచ్చేది.

బొమ్మలు పోగుపడిన కొద్దీ శరీర శాస్త్రమే మెరుగుపడింది. ప్రతి కొమ్మ ఏ ప్రాంతానికి గాలి పంపుతుందో తెలిసింది. 1939లో ఛర్చిల్, బెల్సీ అను డాక్టర్లు పూర్తి భాగాన్ని కాకుండా అందులోని ఒక చిన్న ఖండాన్ని మాత్రమే తీసివేసే పద్ధతిని ప్రకటించారు. 1943లో జాక్సన్, హ్యూబర్ అను ఇద్దరు ఆ ఖండాలకు నేటికీ డాక్టర్లు వాడే పేర్ల పట్టికను ఇచ్చారు. ఈ జాక్సన్ మరెవరో కాదు, 1918లో బిస్మత్ పొడి ఊదిన ఛెవాలియర్ జాక్సన్ కుమారుడు. తండ్రి కొమ్మలను చూడ ప్రయత్నించాడు, కొడుకు వాటికి పేర్లు పెట్టాడు. 1950లో లండన్‌లో లిన్ రీడ్ అను వైద్య శాస్త్రజ్ఞురాలు నూనె బొమ్మలను, ఆపరేషనులో తీసివేసిన ఊపిరితిత్తి భాగాలను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చింది. గొట్టం నిలువునా సమంగా వెడల్పయినది ఒక రకం, మెలికలు మెలికలుగా ఉబ్బినది రెండో రకం, సంచివలె బుడగలు కట్టినది మూడో రకం. ఈ విభజన నేటి స్కాన్ రిపోర్టులలో కూడా కనబడుతుంది.

ఇంకొక పాఠం కూడా ఈ బొమ్మలు నేర్పాయి. న్యుమోనియా వచ్చిన కొత్తలో వెడల్పుగా కనబడ్డ గొట్టాలు కొందరిలో కొన్ని నెలల తర్వాత మామూలు స్థితికి వచ్చాయి. అంటే మొదటి బొమ్మను చూసి తొందరపడి కోయరాదు. జబ్బు తగ్గిన తర్వాత మళ్ళీ చూసి నిర్ణయించాలి. చూపు ఉంటే చాలదు, ఓపిక కూడా కావాలని దీని అర్థం.

నూనెకు కాలం చెల్లిన విధం

ఎంత మేలు చేసినా లిపియోడాల్‌కు లోపాలు ఉండెను. గాలి గదుల్లోకి దిగిన నూనె నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయేది. తర్వాత తీసిన ఎక్స్‌రేలలో అది తెల్లటి చుక్కలుగా కనబడి డాక్టర్లను తికమక పెట్టేది. అయోడిన్ పడనివారికి దద్దుర్లు, ఆయాసం వచ్చేవి. దమ్మా ఉన్నవారికి, ఊపిరి బలం బాగా తగ్గినవారికి ఈ పరీక్ష ప్రమాదకరం. అంటే ఎవరి ఊపిరితిత్తిని చూడవలసిన అవసరం ఎక్కువో, వారికే ఈ పరీక్ష తట్టుకొనే శక్తి తక్కువ. ఈ చిక్కు చివరిదాకా విడలేదు.

1950లలో ఇంగ్లాండులోని గ్లాక్సో కంపెనీ నుండి ప్రొపైలియోడోన్ అను కొత్త మందు డయోనోసిల్ అన్న పేరుతో వచ్చింది. ఇది కొద్ది రోజులలోనే ఊపిరితిత్తులలో ఇంకి, మూత్రం ద్వారా బయటికి పోయేది. అందులో ఒక రకాన్ని వేరుశనగ నూనెలో కలిపి ఇచ్చేవారు. గసగసాల నుండి వేరుశనగకు వచ్చింది కథ. రోగికి కొంత ఉపశమనం కలిగింది. కాని గొంతు మొద్దుబార్చటం, నూనె దింపటం, బల్ల వాల్చటం తప్పలేదు.

ఇంతలో మూడు వైపుల నుండి మార్పు వచ్చింది. మొదటిది, పెన్సిలిన్ మొదలుకొని యాంటీబయాటిక్ మందులు రావటంతో ఆపరేషను అవసరం తగ్గింది. ఆపరేషను లేనప్పుడు అంత వివరమైన పటం కూడా ప్రతివారికీ అక్కరలేదు. రెండవది, 1960లలో జపాను దేశపు షిగెతో ఇకేడా వంగే బ్రాంకోస్కోపును తయారుచేయించాడు. ఉక్కు గొట్టం బదులు సన్నని తీగవంటి దానితో లోపలికి నేరుగా చూడగలిగారు. మూడవది, అన్నిటికంటే పెద్దది, సి.టి. స్కాన్. 1971 అక్టోబరు 1న లండన్‌లో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ యంత్రంతో మొదటి రోగి తలకు స్కాన్ తీశారు. 1979లో ఆయనకు, అలన్ కార్మాక్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. 1980లలో ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం గల పలుచని ముక్కలుగా ఛాతీని చూసే పద్ధతి వచ్చేసరికి, గొట్టంలో ఏమీ పోయకుండానే గొట్టం కనబడసాగింది.

ఇందులో ఒక చమత్కారం ఉన్నది. ఊపిరితిత్తిలో ప్రతి గాలి గొట్టానికి ప్రక్కన ఒక రక్తనాళం తోడుగా నడుస్తుంది. ఆరోగ్యవంతుడిలో రెండూ సుమారు ఒకే లావు. గొట్టం వెడల్పయితే, అడ్డంగా కోసిన బొమ్మలో గొట్టం పెద్ద వలయంగాను, రక్తనాళం దాని ప్రక్కన చిన్న చుక్కగాను కనబడుతుంది. అచ్చం రాయి పొదిగిన ఉంగరం వలె ఉంటుంది. డాక్టర్లు దీనిని ఉంగరం గుర్తు అనే అంటారు. నూరేళ్ళ క్రితం శవాన్ని కోస్తే గాని, యాభై ఏళ్ళ క్రితం గొంతులో నూనె పోస్తే గాని తెలియని సంగతి, కొద్ది క్షణాలు ఊపిరి బిగబడితే చాలు, ఉంగరం రూపంలో తెలిసిపోతున్నది. 1990ల నాటికి బ్రాంకోగ్రఫీ దాదాపుగా కనుమరుగైంది. గసగసాల నూనె మాత్రం పూర్తిగా పోలేదు. కాలేయపు క్యాన్సరు చికిత్సలో, గర్భాశయపు గొట్టాల పరీక్షలో అది నేటికీ వాడుకలో ఉన్నది.

మనకు దీనివల్ల ఏమిటి?

ఈ కథంతా పారిస్, లండన్, ఫిలడెల్ఫియాలలో జరిగినది కదా, మనకెందుకు అనవచ్చు. మన దేశంలో 31 ఆస్పత్రులలో ఈ గొట్టాల వెడల్పు జబ్బు ఉన్న 2,195 మందిని పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించారు. వారిలో నూటికి 35 మందికి పైగా పూర్వం క్షయ రావటం వల్లనే ఈ జబ్బు వచ్చినది. అంటే క్షయ నయమైనా, అది చేసిన గాయం మిగిలి దగ్గు తెస్తున్నది. క్షయ తగ్గినవారికి మళ్ళీ దగ్గు మొదలైతే ఇంటివారు వెంటనే ‘తిరగబెట్టింది’ అంటారు. తిరగబెట్టనూవచ్చు, పాత గాయం కావచ్చు. పరీక్ష చేయకుండా ఎవరు చెప్పగలరు? రెండూ తప్పే: చూడకుండా క్షయ అనటమూ తప్పే, చూడకుండా క్షయ కాదనటమూ తప్పే.

కనుక మా మనవి ఇది. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆస్పత్రులలో అది ఉచితం. అందులో క్షయ లేదని తేలినా దగ్గు, కళ్ళె ఆగకపోతే అక్కడితో వదలరాదు, ఛాతీ డాక్టరుకు చూపించాలి. డాక్టరు అవసరమనుకొంటే స్కాన్ వ్రాస్తారు. గొట్టాలను చూసే ఈ స్కాన్‌కు మామూలుగా అయోడిన్ సూది అక్కరలేదు. రక్తనాళాలను, గడ్డలను చూసే స్కాన్‌లకు ఆ సూది వేయవచ్చు. అప్పుడు ఇంతకుముందు పడకపోయి ఉంటే, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి. స్కాన్ కూడా ఎక్స్ కిరణాలతో తీసేదే గనుక, డాక్టరు చెప్పకుండా మనంతట మనం తీయించుకొనే వస్తువు కాదు. తీయించుకొన్న ఫిల్మును, రిపోర్టును పారవేయరాదు. పాత బొమ్మ ప్రక్కన పెట్టి చూస్తేనే కొత్త బొమ్మకు అర్థం.

తల్లులకు ఇంకొక మాట. ఈ జబ్బుకు మూలమైన తట్టు, కోరింత దగ్గులకు టీకాలు ఉన్నాయి. 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఈ రెండూ ఉన్నాయి. కార్డు పట్టుకొని వేళకు వేయిస్తే, లోపలి గొట్టం సాగే అవకాశమే చాలావరకు తగ్గుతుంది. ఏ నూనె బొమ్మా, ఏ స్కాన్ బొమ్మా దీనికి సాటి రాదు. ఎందుకంటే బొమ్మ జబ్బును చూపుతుంది, టీకా జబ్బును రానీయదు.

చివరగా ఇంటి పెద్దలకు. దగ్గే మనిషికి వేరే గ్లాసు పెట్టటం సులువు, ఆస్పత్రికి తీసుకుపోవటం కష్టం. జబ్బు నిజంగా క్షయే అయినా దానికి మందులు ఉన్నాయి, క్రమంగా వాడితే నయమవుతుంది. వెలివేత దేనికీ మందు కాదు. ఒకప్పుడు జబ్బు పేరు తెలుసుకోవటానికి మనుషులు ఊపిరి దారిలో నూనె పోయించుకొన్నారు. నేడు మనం వేయవలసినది బస్సు టిక్కెట్టు తీసుకొని ఆస్పత్రి దాకా పోయే అడుగు ఒక్కటే. ఆ అడుగు వేయటానికి మన సొసైటీ సభ్యులు, యువకులు తమ వాడలలోని పెద్దలకు, పిల్లలకు తోడు పోవాలని కోరుతున్నాము.